స్థిరాస్తి వ్యాపారంపై లైసెన్సు రుసుము: నగరపాలక సంస్థల అధికారం ఎంతవరకు?

నగరంలో ఇళ్ల స్థలాలు, ఫ్లాట్ల క్రయవిక్రయాలు జరిపించేందుకు కార్యాలయం తెరిచిన వ్యక్తికి పలు రకాల చెల్లింపులు ఎదురవుతాయి. భవనంపై ఆస్తిపన్ను, వృత్తిపై వృత్తిపన్ను, వ్యాపార స్థలానికి ట్రేడ్ లైసెన్సు రుసుము, స్థిరాస్తి నియంత్రణ ప్రాధికార సంస్థ రెరా వద్ద నమోదు రుసుము వీటిలో ముఖ్యమైనవి. లేఅవుట్ వేసినా, భవనం కట్టినా అభివృద్ధి రుసుములు, అనుమతి రుసుములు అదనంగా చేరతాయి. ఇవన్నీ ఒకే వ్యాపారం చుట్టూ తిరిగేవే అయినా ఒక్కోదానికి చట్టపరమైన ఆధారం వేరు, పరిమితులు వేరు.

వీటిలో నగరపాలక సంస్థలు విధించే లైసెన్సు రుసుము స్వాతంత్ర్యానంతరం న్యాయస్థానాల ముందుకు పదేపదే వచ్చింది. సినిమా హాళ్లు, హోటళ్లు, రిక్షాలు, కబేళాలు, మార్కెట్ యార్డులు, కొబ్బరి పీచు పరిశ్రమ వంటి వేర్వేరు రంగాల కేసుల్లో సుప్రీంకోర్టు నిర్దేశించిన సూత్రాలే నేడు స్థిరాస్తి వ్యాపారానికీ ప్రమాణాలు. ఆ సూత్రాల సారాంశం ఇది: రుసుము విధించే అధికారం నగరానికి సహజంగా ఉండదు, రాష్ట్ర శాసనం ఇస్తేనే ఉంటుంది. శాసనం ఇచ్చినప్పటికీ ఆ రుసుము నియంత్రణకో, సేవకో ముడిపడి ఉండాలి. ఆ బంధం తెగితే దాన్ని పన్నుగా పరిగణిస్తారు. అప్పుడు వ్యాపారాలపై పన్నుకు రాజ్యాంగం విధించిన ఏడాదికి 2,500 రూపాయల గరిష్ఠ పరిమితి ముందుకు వస్తుంది.

అధికారానికి మూలం రాష్ట్ర శాసనమే

చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నునూ విధించరాదని, వసూలు చేయరాదని రాజ్యాంగంలోని 265వ అధికరణం చెబుతోంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించిన ఈ సవరణ కూడా వాటికి స్వతంత్రంగా పన్ను వేసే అధికారాన్ని ఇవ్వలేదు. ఆ సవరణతో చేరిన 243ఎక్స్ అధికరణం ప్రకారం పన్నులు, సుంకాలు, టోల్‌లు, రుసుములు విధించి వసూలు చేసుకునేందుకు పురపాలక సంస్థలను రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా అనుమతించవచ్చు. అందుకు అనుసరించాల్సిన విధానాన్నీ, పరిమితులనూ ఆ చట్టమే నిర్ణయించాలి.

శాసనసభకు ఈ అధికారం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితా నుంచి సంక్రమిస్తుంది. ఆ జాబితాలో 5వ అంశం స్థానిక పాలన. 49వ అంశం భూములు, భవనాలపై పన్నులు. 60వ అంశం వృత్తులు, వర్తకాలు, వ్యాపకాలు, ఉద్యోగాలపై పన్నులు. 66వ అంశం ఆ జాబితాలోని విషయాలకు సంబంధించిన రుసుములు. పన్నులను, రుసుములను రాజ్యాంగం వేర్వేరు అంశాలుగా పొందుపరచింది. ద్రవ్య బిల్లుల నిర్వచనంలోనూ ఈ తేడా కనిపిస్తుంది. లైసెన్సు రుసుముల చెల్లింపునకు సంబంధించిన నిబంధన ఉన్నంత మాత్రాన ఏ బిల్లూ ద్రవ్య బిల్లు కాదని 110, 199 అధికరణాలు స్పష్టం చేస్తున్నాయి.

మరోవైపు, ఏ వృత్తినైనా, వ్యాపారాన్నైనా నిర్వహించుకునే హక్కును 19వ అధికరణం పౌరులకు హామీ ఇస్తోంది. ప్రజాప్రయోజనం కోసం ఆ హక్కుపై సహేతుకమైన ఆంక్షలు విధించవచ్చు. లైసెన్సు అటువంటి ఆంక్ష. కాబట్టి లైసెన్సు నిబంధన చట్టబద్ధమైనదిగానే కాక సహేతుకమైనదిగానూ ఉండాలి.

పన్నుకు, రుసుముకు మధ్య గీత

ఈ రెండింటి మధ్య తేడాను సుప్రీంకోర్టు మొదట విపులంగా వివరించింది 1954లో, శిరూర్ మఠం కేసులో. 1951 నాటి మద్రాసు హిందూ మత ధర్మాదాయ చట్టం మఠాలు, ఆలయాల ఆదాయంలో 5 శాతానికి మించకుండా వార్షిక విరాళాన్ని ప్రభుత్వానికి చెల్లించాలని నిర్దేశించింది. ఆ వసూళ్లకు, సంస్థలకు అందే సేవలకు మధ్య సంబంధం లేదని, సొమ్ము ప్రభుత్వ సాధారణ ఆదాయంలో కలిసిపోతోందని కోర్టు గుర్తించింది. పేరు ఏదైనా అది పన్నేనని, దాన్ని విధించే అధికారం రాష్ట్రానికి లేదని తీర్పు చెప్పింది. పన్ను ప్రజలందరి అవసరాల కోసం బలవంతంగా వసూలు చేసే సొమ్ము అని, రుసుము ఒక ప్రత్యేక సేవకు లేదా ప్రయోజనానికి ప్రతిగా చెల్లించేదని ఆ తీర్పు నిర్వచించింది. దీన్నే న్యాయ పరిభాషలో ప్రతిఫల సూత్రం అంటారు.

ఈ గీత నగరపాలక సంస్థల విషయంలో ఎంత కీలకమో కలకత్తాలోని లిబర్టీ సినిమా హాలు కేసు చూపింది. భవనం వార్షిక విలువ ఆధారంగా ఏడాదికి 400 రూపాయల లైసెన్సు రుసుము చెల్లిస్తున్న ఆ హాలుపై, 1958లో మారిన విధానం ప్రకారం సీట్ల సంఖ్యను బట్టి ఒక్కో ఆటకు 5 రూపాయల చొప్పున లెక్కగట్టారు. దాంతో వార్షిక భారం సుమారు 6,000 రూపాయలకు చేరింది. యాజమాన్యం కోర్టుకెక్కింది. 1964 డిసెంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు సభ్యుల ధర్మాసనం 3–2 మెజారిటీతో నగరపాలక సంస్థకు అనుకూలంగా తీర్పునిచ్చింది. చట్టంలో ‘ఫీజు’ అనే మాట ఉన్నా, ప్రతిఫలంగా సేవ ఏదీ లేనందున అది నిజానికి పన్నేనని, ఆ పన్ను వేసే అధికారాన్ని కలకత్తా పురపాలక చట్టం ఇచ్చిందని మెజారిటీ న్యాయమూర్తులు పేర్కొన్నారు. జస్టిస్ సుబ్బారావు, జస్టిస్ అయ్యంగార్ విభేదించారు.

ఈ తీర్పును ఆధారం చేసుకుని ఏ వ్యాపారంపైనైనా లైసెన్సు పేరుతో పన్ను వేయవచ్చని భావించడం సరికాదు. వినోదాలపై పన్ను వేసే అధికారం రాష్ట్ర జాబితాలో విడిగా ఉంది. స్థిరాస్తి వ్యాపారానికి అటువంటి ప్రత్యేక అంశం లేదు. లైసెన్సు రుసుము వ్యాపారం మీద పన్నుగా తేలితే అది 60వ అంశం కిందకు వస్తుంది. ఆ అంశం కింద ఒక వ్యక్తి రాష్ట్రానికి గానీ, ఏదైనా ఒక స్థానిక సంస్థకు గానీ చెల్లించాల్సిన మొత్తం ఏడాదికి 2,500 రూపాయలు మించరాదని 276వ అధికరణం నిర్దేశిస్తోంది. తొలుత 250 రూపాయలుగా ఉన్న ఈ పరిమితిని 1988లో 60వ రాజ్యాంగ సవరణ పెంచింది. దీన్ని 18,000 రూపాయలకు పెంచాలని 15వ ఆర్థిక సంఘం సిఫార్సు చేసింది.

కాబట్టి వేల రూపాయల్లో లైసెన్సు రుసుము కోరే నగరానికి, అది పన్ను కాదు, రుసుమేనని నిరూపించుకోవలసిన అవసరం ఏర్పడుతుంది. అందుకు న్యాయస్థానాలు రెండు మార్గాలను గుర్తించాయి. ఒకటి సేవ, రెండోది నియంత్రణ.

సేవకు ప్రతిఫలంగా రుసుము

సేవ చూపి రుసుము కోరినప్పుడు ఏ సేవను లెక్కలోకి తీసుకోవాలన్నది మొదటి ప్రశ్న. రిక్షాలపై వారణాసి నగర మహాపాలిక విధించిన లైసెన్సు రుసుమును 1968లో పరిశీలించిన సుప్రీంకోర్టు దీనికి సమాధానమిచ్చింది. రోడ్లు వేయడం, వీధి దీపాలు పెట్టడం పురపాలక సంస్థ చట్టప్రకారం ప్రజలందరికీ చేయాల్సిన విధి అని, ఆ ఖర్చును రిక్షావాలాలకు అందించిన ప్రత్యేక సేవగా చూపరాదని పేర్కొంది. ఆ రుసుమును కొట్టివేసింది. స్థిరాస్తి కార్యాలయం ముందున్న రోడ్డు, డ్రైనేజీ, వీధి దీపాలను చూపి లైసెన్సు రుసుమును సమర్థించుకోవడం ఈ తీర్పు దృష్ట్యా కష్టం. వాటికి ఆస్తిపన్ను ఎలాగూ ఉంది.

సేవకు, సొమ్ముకు మధ్య లెక్క ఎంత కచ్చితంగా ఉండాలన్నది రెండో ప్రశ్న. పంజాబ్, హరియాణా మార్కెట్ రుసుములపై కేవల్ కృష్ణ పురి కేసులో సుప్రీంకోర్టు, వసూలైన సొమ్ములో గణనీయ భాగం, అంటే మూడింట రెండొంతులు లేదా నాలుగింట మూడొంతులు చెల్లింపుదారుల సేవకే వెచ్చించినట్లు చూపాలని వ్యాఖ్యానించింది. తర్వాత 1983లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ రుసుము కేసులో ఈ వైఖరి సడలింది. వ్యవసాయ మార్కెట్లలో వంద రూపాయల విక్రయంపై 50 పైసలుగా ఉన్న రుసుమును రూపాయికి పెంచడాన్ని శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ తదితరులు సవాలు చేశారు. సేవకు, రుసుముకు గణిత శాస్త్రపరమైన సమానత్వం అక్కర్లేదని, స్థూలమైన సంబంధం ఉంటే చాలునని కోర్టు స్పష్టం చేసింది. మూడింట రెండొంతుల లెక్క కట్టుబడి తీరవలసిన నియమం కాదని తెలిపింది.

అదే ఏడాది ఢిల్లీ కబేళా కేసులో జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి రాసిన తీర్పు ఇదే మార్గంలో సాగింది. చిన్న పశువులపై 25 పైసల నుంచి 2 రూపాయలకు, పెద్ద పశువులపై ఒక రూపాయి నుంచి 8 రూపాయలకు పెంచిన రుసుమును సుప్రీంకోర్టు సమర్థించింది. పెంపు ఎనిమిది రెట్లు అయినంత మాత్రాన రుసుము పన్నుగా మారిపోదని దీని సారాంశం.

నియంత్రణ కోసం రుసుము

రెండో మార్గం నగరాలకు మరింత అనుకూలమైనది. ప్రజారోగ్యం, భద్రత, పరిశుభ్రత దృష్ట్యా ఒక వ్యాపారాన్ని పర్యవేక్షించేందుకు లైసెన్సు పెట్టినప్పుడు, ఆ రుసుముకు ప్రత్యేక సేవను చూపనవసరం లేదు. కొబ్బరి చిప్పల పీచును నానబెట్టే వ్యాపారంపై కాలికట్ నగరపాలక సంస్థ విధించిన రుసుము కేసులో 1985లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని ధ్రువీకరించింది.

తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ హోటళ్ల కేసు. హైదరాబాద్ నగరపాలక సంస్థ పెంచిన లైసెన్సు రుసుమును సికింద్రాబాద్ హైదరాబాద్ హోటల్ యజమానుల సంఘం సవాలు చేయగా, 1999లో సుప్రీంకోర్టు సంస్థ పక్షాన తీర్పునిచ్చింది. లైసెన్సు రుసుము నియంత్రణకు సంబంధించినదైనా కావచ్చు, సేవకు పరిహారమైనా కావచ్చునని కోర్టు తెలిపింది. సేవకు విధించే రుసుములో ప్రతిఫలం కొంతైనా కనిపించాలని, నియంత్రణ రుసుముకు ఆ షరతు వర్తించదని వివరించింది. అయితే నియంత్రణ రుసుము మితిమీరి ఉండరాదన్న హద్దు అలాగే ఉంది.

హోటల్ విషయంలో నియంత్రణ అంటే ఏమిటో సులభంగా అర్థమవుతుంది. వంటగది, తాగునీరు, వ్యర్థాలు, అగ్నిమాపక ఏర్పాట్లను అధికారులు తనిఖీ చేస్తారు. నాలుగు కుర్చీలు, ఒక బల్ల, గోడకు లేఅవుట్ నక్షాలు ఉండే స్థిరాస్తి కార్యాలయంలో నగరపాలక సంస్థ ఏమి నియంత్రిస్తుంది? అగ్నిప్రమాద భద్రత, వాహనాల నిలుపుదల, నివాస ప్రాంతంలో వాణిజ్య వినియోగం, చెత్త తొలగింపు వంటివి చూపవచ్చు. తనిఖీ ఎంత తక్కువో, దాని పేరిట భారీ రుసుమును సమర్థించుకోవడం అంత కష్టం.

నగరానికో పద్ధతి

దేశమంతటికీ ఒకే ట్రేడ్ లైసెన్సు విధానం లేదు. ఒక్కో రాష్ట్రం, కొన్ని చోట్ల ఒక్కో నగరం వేరు చట్టం కింద నడుస్తోంది.

హైదరాబాద్‌కు ఆధారం 1955 నాటి నగరపాలక సంస్థల చట్టం. ఆ చట్టంలోని 521వ సెక్షన్ నిర్దిష్ట వ్యాపారాలకు, వస్తువుల నిల్వకు లైసెన్సును తప్పనిసరి చేస్తుంది. 622వ సెక్షన్ లైసెన్సుల జారీకి సంబంధించిన సాధారణ నియమాలను చెబుతుంది. పాలకమండలి ఆమోదంతో కమిషనర్ నిర్ణయించిన రేటు ప్రకారం రుసుము వసూలు చేస్తారు. ఆచరణలో వ్యాపార స్థలం విస్తీర్ణం, ఎదుటి రోడ్డు వెడల్పు ఆధారంగా లెక్క కడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లోని నగరపాలక సంస్థలకూ 1955 నాటి చట్టమే మూలం. పురపాలక సంఘాలకు 1965 నాటి చట్టం ఉంది. తెలంగాణలో హైదరాబాద్ వెలుపలి పట్టణాలకు 2019 నాటి పురపాలక చట్టం వర్తిస్తుంది.

కోల్‌కతాలో 1980 నాటి చట్టం ప్రకారం వృత్తి, వ్యాపారం, వ్యాపకం చేసేవారు నగరపాలక సంస్థ నుంచి నమోదు ధ్రువపత్రం పొందాలి. జనం దాన్ని ట్రేడ్ లైసెన్సు అనే పిలుస్తారు. దాని పరిధి విస్తృతమైనది కాబట్టి స్థిరాస్తి కార్యాలయం అందులోకి వస్తుందా అన్న సందేహానికి తావు తక్కువ.

ముంబైలో పరిస్థితి భిన్నం. 1888 నాటి చట్టంలోని 394వ సెక్షన్ ప్రాణానికి, ఆరోగ్యానికి, ఆస్తికి ప్రమాదకరమైన లేదా ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించే వ్యాపారాలపై దృష్టి పెట్టింది. సాధారణ కార్యాలయాలు మహారాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం పరిధిలోకి వస్తాయి. 2017లో వచ్చినప్పుడు ఆ చట్టం ప్రకారం పది మంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న సంస్థ సమాచారం ఇస్తే సరిపోయేది. అంతకు మించితే నమోదు చేయించుకోవాల్సి ఉండేది.

హరియాణా స్థిరాస్తి వ్యాపారాన్నే నేరుగా లైసెన్సు పరిధిలోకి తెచ్చింది. 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి, నియంత్రణ చట్టం కింద కాలనీ వేసేవారు లైసెన్సు పొందాలి. ఆస్తి దళారులకు, సలహాదారులకు 2008లో ప్రత్యేక చట్టం చేశారు. ఈ రెండు సందర్భాల్లోనూ అధికారం రాష్ట్ర చట్టం నుంచి వచ్చిందే. ఏ నగరమూ తన తీర్మానంతో దాన్ని సృష్టించుకోలేదు.

ఈ తేడాల వల్ల ఒక నగరంలో చెల్లుబాటయ్యే నోటీసు మరో నగరంలో చెల్లకపోవచ్చు. లైసెన్సు అవసరమైన వ్యాపారాల జాబితా చట్టంలో ఉన్నచోట, స్థిరాస్తి కార్యాలయం ఆ జాబితాలో ఉందా అన్నదే తొలి పరిశీలన.

రెరా వచ్చాక ఏమి మారింది

2016లో పార్లమెంటు ఆమోదించిన స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో లేదా ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో చేపట్టే ప్రాజెక్టులను విక్రయానికి ముందే రెరాలో నమోదు చేయాలి. నమోదైన ప్రాజెక్టుల్లో స్థలాలు, ఫ్లాట్లు అమ్మించే ఏజెంట్లు కూడా 9వ సెక్షన్ కింద నమోదు చేయించుకోవాలి. నమోదు లేకుండా వ్యవహరించిన ఏజెంటుకు రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం వరకు జరిమానా పడవచ్చు. పాత ఇళ్ల పునర్విక్రయం, అద్దెలు మాత్రమే చూసే దళారికి ఈ నమోదు నియమం వర్తించదు.

రెరాలో నమోదైనంత మాత్రాన ట్రేడ్ లైసెన్సు నుంచి మినహాయింపు లభించదు. ఇతర చట్టాలకు ఈ చట్టం అదనమే గానీ వాటిని తగ్గించేది కాదని 88వ సెక్షన్ చెబుతోంది. రెరా నమోదు వ్యక్తికి, అతని వ్యవహార శైలికి సంబంధించినది. ట్రేడ్ లైసెన్సు వ్యాపారం జరిగే స్థలానికి సంబంధించినది. ఒకే ఏజెంటుకు రెండు చోట్ల కార్యాలయాలుంటే రెరా నమోదు ఒకటే సరిపోయినా, ట్రేడ్ లైసెన్సులు రెండు కావలసి రావచ్చు.

అయితే 89వ సెక్షన్ ప్రకారం, విరుద్ధమైన నిబంధనలున్నప్పుడు రెరా చట్టానిదే పైచేయి. ఈ విషయంలో 2021 మే 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గమనార్హం. కేంద్ర చట్టానికి సమాంతరంగా పశ్చిమ బెంగాల్ 2017లో తెచ్చిన గృహనిర్మాణ పరిశ్రమ నియంత్రణ చట్టాన్ని కోర్టు కొట్టివేసింది. ఉమ్మడి జాబితాలోని విషయంపై పార్లమెంటు సమగ్ర చట్టం చేశాక, దాదాపు అదే చట్టాన్ని రాష్ట్రం మళ్లీ చేయజాలదని పేర్కొంది. రాష్ట్ర శాసనసభకే ఈ హద్దు ఉన్నప్పుడు నగరపాలక సంస్థకు మరింత గట్టిగా వర్తిస్తుంది. లైసెన్సు షరతుల పేరుతో దళారీ కమీషన్, ఒప్పందాలు, ప్రకటనల వంటి విషయాలను నగరం నియంత్రించబోతే అది రెరా పరిధిలోకి చొరబడినట్లవుతుందన్న అభ్యంతరం తలెత్తుతుంది. స్థలం, భద్రత, పారిశుద్ధ్యం వరకే పరిమితమైన లైసెన్సుకు ఆ చిక్కు ఉండదు.

చట్టంలో లేని రుసుము చెల్లదు

స్థిరాస్తి రంగానికి సంబంధించి అత్యంత స్పష్టమైన హెచ్చరిక అహ్మదాబాద్ నుంచి వచ్చింది. 1976 నాటి గుజరాత్ పట్టణ ప్రణాళిక, పట్టణాభివృద్ధి చట్టం కింద పనిచేసే అహ్మదాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ అభివృద్ధి రుసుము వసూలు చేయబూనింది. ప్రాంతాన్ని అభివృద్ధి చేసే బాధ్యత తనపై ఉన్నందున, అందుకు సొమ్ము రాబట్టుకునే అధికారం కూడా అంతర్లీనంగా ఉన్నట్లేనని ఆ సంస్థ వాదించింది. 1992లో సుప్రీంకోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. పన్ను గానీ, రుసుము గానీ విధించే అధికారం చట్టంలో స్పష్టంగా ఉండాలని, దాన్ని ఊహించుకోవడం తగదని తేల్చిచెప్పింది.

పాలకమండలి తీర్మానం, కమిషనర్ ఉత్తర్వు, ప్రభుత్వ సర్క్యులర్ ఇవేవీ చట్టానికి ప్రత్యామ్నాయాలు కావన్నది ఈ తీర్పు పాఠం. చట్టం అధికారం ఇచ్చిన చోట రేటు నిర్ణయించడానికి మాత్రమే అవి పనికివస్తాయి.

భారం చివరికి ఎవరిపై

నగరాలు రుసుముల వైపు చూడటానికి బలమైన ఆర్థిక కారణాలున్నాయి. 2016లో చేసిన 101వ రాజ్యాంగ సవరణ, 2017 జులై 1 నుంచి అమలైన వస్తుసేవల పన్నుతో స్థానిక ప్రాంతాల్లోకి సరుకు ప్రవేశంపై పన్ను, ప్రకటనలపై పన్ను రాష్ట్ర జాబితా నుంచి తొలగిపోయాయి. ఆక్ట్రాయ్ మీద, హోర్డింగుల పన్ను మీద ఆధారపడిన నగరాలకు సొంత ఆదాయ మార్గాలు కుంచించుకుపోయాయి. వృత్తిపన్నును తెలుగు రాష్ట్రాల్లో రాష్ట్ర ప్రభుత్వమే వసూలు చేస్తోంది. ఆస్తిపన్ను పెంపు రాజకీయంగా సున్నితమైనది. మిగిలిన వాటిలో సులువుగా పెంచగలిగేది రుసుమే.

ఈ పెంపు పెద్ద సంస్థలను, చిన్న దళారులను ఒకేలా తాకదు. వందల ఫ్లాట్ల ప్రాజెక్టు చేపట్టే సంస్థకు ట్రేడ్ లైసెన్సు ఖర్చు లెక్కలోకే రాదు. ప్రధాన రహదారిపై చిన్న గది అద్దెకు తీసుకుని అద్దె ఇళ్లు చూపించే వ్యక్తికి రోడ్డు వెడల్పును బట్టి పడే రుసుము బరువుగానే ఉంటుంది. విస్తీర్ణం, రోడ్డు వెడల్పు అనే కొలతలు వ్యాపార పరిమాణాన్ని పూర్తిగా ప్రతిబింబించవు. అయినా ఆదాయాన్ని కొలమానంగా తీసుకుంటే రుసుము పన్ను స్వభావాన్ని సంతరించుకునే ప్రమాదం ఉంది. నగరపాలక సంస్థలు ఈ రెండింటి మధ్య ఇరుక్కుని ఉన్నాయి.

వ్యాపారి చెల్లించిన ప్రతి రూపాయీ కమీషన్‌లోనో, చదరపు అడుగు ధరలోనో కలిసి కొనుగోలుదారుకు చేరే అవకాశం ఉంది. అక్రమంగా వసూలైన సొమ్మును తిరిగి పొందేటప్పుడు ఇది అడ్డంకిగా మారవచ్చు. ఎక్సైజ్ సుంకానికి సంబంధించిన మఫత్‌లాల్ ఇండస్ట్రీస్ కేసులో 1996 డిసెంబరులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, భారాన్ని ఇతరులకు బదలాయించిన చెల్లింపుదారు వాపసు కోరడం అన్యాయార్జన అవుతుందని స్పష్టం చేసింది. అందుచేత నోటీసు అందగానే అభ్యంతరం చెప్పడానికి, ఏళ్ల తర్వాత వాపసు కోరడానికి చాలా తేడా ఉంది.

నియంత్రణ జరగని చోట భారం మరో రూపంలో వస్తుంది. అనుమతి లేని లేఅవుట్లలో స్థలాలు కొన్నవారు తెలంగాణలో 2020 నాటి క్రమబద్ధీకరణ పథకం కింద దరఖాస్తు చేసుకోవాల్సి వచ్చింది. లేఅవుట్‌లో నిర్దేశిత 10 శాతం ఖాళీ స్థలం లేకపోతే స్థలం విలువలో 14 శాతం ప్రత్యేక రుసుముగా నిర్ణయించారు. ఖాళీ స్థలం వదలకుండా వెంచర్ వేసింది వ్యాపారి, రుసుము కట్టాల్సింది కొనుగోలుదారు. లైసెన్సు రుసుమును ఏటా వసూలు చేసే నగరం ఆ వ్యాపారంపై నిఘా పెట్టిందా అన్న ప్రశ్న ఇటువంటి సందర్భాల్లోనే ముందుకు వస్తుంది.

నోటీసు అందినప్పుడు పరిశీలించాల్సినవి

లైసెన్సు రుసుము డిమాండు చెల్లుబాటును తేల్చేందుకు పైన చెప్పిన తీర్పుల నుంచి ఐదు ప్రశ్నలు రూపొందుతాయి.

మొదటిది, నోటీసులో పేర్కొన్న సెక్షన్ నిజంగా రుసుము విధించే అధికారాన్ని ఇస్తోందా. రెండోది, లైసెన్సు అవసరమైన వ్యాపారాల జాబితాలోకి స్థిరాస్తి కార్యాలయం వస్తుందా. మూడోది, రేటును చట్టం నిర్దేశించిన విధంగా, అంటే పాలకమండలి ఆమోదం వంటి ప్రక్రియతో ఖరారు చేశారా. నాలుగోది, రుసుము వెనుక గుర్తించదగిన సేవ లేదా పర్యవేక్షణ ఉందా. ఐదోది, ఆ మొత్తం పర్యవేక్షణ ఖర్చుతో పోలిస్తే మితిమీరి ఉందా.

పాలకమండలి తీర్మానం, రేట్ల పట్టిక ప్రతులను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. నోటీసుకు గడువులోగా రాతపూర్వకంగా సమాధానమివ్వడం, చట్టంలో అప్పీలు ఉంటే దాన్ని ముందుగా వినియోగించుకోవడం సాధారణ విధానం. అధికారమే లేకుండా రుసుము విధించారన్న వాదన ఉన్నప్పుడు 226వ అధికరణం కింద హైకోర్టును ఆశ్రయించవచ్చు. లైసెన్సు లేకుండా వ్యాపారం కొనసాగిస్తే జరిమానాకు, కొన్ని సందర్భాల్లో కార్యాలయం మూసివేతకు చట్టాలు వీలు కల్పిస్తున్నాయి. కాబట్టి అభ్యంతరం తెలుపుతూనే చెల్లించడం సురక్షితమని భావించేవారూ ఉన్నారు.

ట్రేడ్ లైసెన్సు పొందినంత మాత్రాన భవనానికి అనుమతి ఉన్నట్లు గానీ, అమ్మే స్థలంపై హక్కు ఉన్నట్లు గానీ రుజువు కాదు. స్థలం లేదా ఫ్లాటు కొనేవారు చూడాల్సింది కార్యాలయం గోడపై వేలాడే లైసెన్సును కాదు. ప్రాజెక్టు రెరా నమోదు సంఖ్య, లేఅవుట్ అనుమతి, ఈసీ, లింకు పత్రాలను విడివిడిగా సరిచూసుకోవాలి.